తాడిపత్రి దారిలో మల్చింగ్ పేపరు

ఎండాకాలం అనంతపురం నుంచి తాడిపత్రికి పోతుంటే కంపచెట్లకు వెండిరంగు పీలికలు వేలాడుతూ కనిపించాయి. దూరానికి క్యారీబ్యాగులే అనిపిస్తాయి. బస్సు దిగి, కోత అయిపోయిన కళింగర (పుచ్చకాయ) చేలోకి నడిస్తే తెలిసింది, అవి మల్చింగ్ పేపరు ముక్కలని. పేరుకు పేపరే గానీ, అది పంట మొదళ్ల చుట్టూ మట్టిని కప్పే పల్చటి ప్లాస్టిక్ షీటు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని జిల్లాలో ఈ పేపరు వద్దనడానికి నోరు రాదు. నలుపు వైపు కిందికి పరిస్తే వెలుతురు అందక కలుపు మొలవదు. పైనున్న వెండి రంగుకు రసం పీల్చే పేనుబంక పురుగు అంతగా చేరదు. డ్రిప్పు నీళ్లు ఆవిరైపోవు.

లెక్క చూడండి: 1.2 మీటర్ల వెడల్పు, 400 మీటర్ల పొడవు, 25 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉన్న చుట్ట సుమారు 11 కిలోలు. ఆరడుగులకొక బెడ్డు (మొక్కలు నాటే ఎత్తు మడి) చొప్పున ఎకరాకు ఐదున్నర చుట్టలు, అంటే 60 కిలోల ప్లాస్టిక్. అంగడి ప్లాస్టిక్ సంచికి 2022 డిసెంబరు 31 నుంచి కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలి. చేలో పరిచే పేపరుకు ఆ నియమం లేదు.

అసలు చిక్కు అంచులతోనే. గాలికి లేవకుండా రెండు పక్కలా అంచును మట్టిలో పూడుస్తారు. పైభాగం ఎండకు పెళుసెక్కుతుంది, పూడిన అంచు గట్టిగానే ఉంటుంది. పంటయ్యాక కొస పట్టి లాగితే సరిగ్గా మట్టి గీత దగ్గర తెగి, పైది చేతికొస్తుంది, అంచు లోపలే ఉండిపోతుంది. దాని మీద ట్రాక్టరు వెనక మట్టిని చిదిమే రోటవేటరు తిరిగితే వేలెడంత ముక్కలే. ఇక ఏరలేం. అవి పేరుకున్న చోట నీరు ఇంకదు, వేరు దిగదు. బీట్లో మేసే గొర్రె గడ్డితోపాటు మింగితే అరగక పొట్టలోనే ఉండ కడుతుంది.

సరిగ్గా తీయాలంటే చివరి కోత కాగానే నీళ్లు ఆపి, తీగలు మొదలుకంటా కోసి, పేపరు కింది డ్రిప్పు పైపు లాగేయాలి. మట్టి ఆరాక రెండంచులూ పారతో వదులు చేసి, ఇద్దరు చెరో పక్కన చాప చుట్టినట్టు చుట్టుకుంటూ పోవాలి. తడి మీద తీస్తే బురద అంటి బరువెక్కుతుంది. నెలలు ఆగితే పీలికలవుతుంది. 30 మైక్రాన్లదైతే ఖర్చెక్కువైనా చాలావరకు ముక్క కాకుండా వస్తుంది.

అంతా చేసినా, పాత పైపులు తూకానికి కొనే గుజిరీ అంగడి మట్టి అంటిన పేపరును ముట్టదు. మేం చూసిన చేలో గట్టు మీదే కాల్చారు. కాలిన చోట నల్లటి గడ్డ మిగిలింది, పగలగొడితే లోపల ఎర్రమట్టి.