ఫోర్ ఎల్‌లో ఇరుక్కుని జయపురం దాకా

అక్టోబరు చివర్లో, వానలు ఇంకా పూర్తిగా వదలకముందే, నేనూ బావా సాలూరు నుంచి బయల్దేరాం. దారిలో దేవమాలి కొండ ఎక్కాలి, జయపురంలో పెద్దమ్మని చూసి రావాలి, అంతే ప్లాన్. రాజస్థాన్ జైపూర్ కాదండీ, ఒడిశాలో కోరాపుట్ జిల్లా జయపురం. బండి బావ రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫోర్ బై ఫోర్ పికప్. సిమెంటు బస్తాలు మోసే బండికి నాలుగు చక్రాల పవర్‌తో పనేముంటుంది, అందుకే ఎక్కడైనా కాస్త బురద కనపడకపోతుందా అని బావకి మహా ఆశ.

సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి దాటేసరికి మబ్బు రోడ్డు మీదకే దిగిపోయింది. దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో అంతకు మించిన శిఖరం లేదు. రోడ్డు బాగానే ఉంది, ఎక్కాం, మబ్బు తప్ప ఏమీ కనపడలేదు, దిగాం. అక్కడితో ఆగుంటే ఈ కథే లేదు. కింద ఒక ఊళ్లోకి ఎర్ర బురద దారి కనపడేసరికి బావ బండి ఆపి, న్యూట్రల్ చేసి, క్లచ్ తొక్కి, నాబ్‌ని ఫోర్ ఎల్‌కి, అంటే నాలుగు చక్రాలకీ పవర్ ఇచ్చి నెమ్మదిగా, బలంగా లాగే మోడ్‌కి తిప్పాడు. కింద కటక్ మంది. బండి బురదలో ఏనుగులా నడిచింది, అది మాత్రం ఒప్పుకోవాలి.

తారు రోడ్డెక్కాక నాబ్‌ని టూ హెచ్‌కి, అంటే వెనక చక్రాలకే పవర్ అందే మామూలు మోడ్‌కి తిప్పితే చప్పుడే లేదు. మీటర్‌లో లైటు టక్కుటక్కుమని కొట్టుకుంటోంది. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేశాం, నాలుగడుగులు వెనక్కి నడిపాం, బావ నాబ్ మీద ఒకటి కొట్టాడు కూడా. ఊహూఁ.

చేసేదేం లేక సెమిలిగుడ, కోరాపుట్ మీదుగా పాతిక స్పీడులో నడిపించుకుంటూ వెళ్లాం. ఇలాంటి బండ్లలో ఫోర్ ఎల్ పడితే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదానికొకటి బిగిసిపోతాయి, మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి కదా, బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, పొడి తారు మీద సర్దుకోడానికి చోటుండదు. కోరాపుట్ నుంచి జయపురానికి దిగే ఘాట్‌లో ప్రతి మలుపుకీ టైర్లు కీచుమనడం, స్టీరింగ్ రాయిలా బిగుసుకోవడం, వెనక లారీవాడి హారన్. బావ నోట మాట లేదు. చీకటి పడ్డాక చేరాం.

పెద్దమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. "ఏటిరా, పొద్దున్నగా బయల్దేరిన్రు?" జయపురంలో నలభై ఏళ్ల కాపురం, ఇంట్లో తెలుగే, అయినా మధ్యమధ్య "హెలా, హెలా" అని ఒడియా దొర్లుతూనే ఉంటుంది. ఆ ఊళ్లో మనవాళ్లకి కొదవలేదు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా విశాఖపట్నం జిల్లాలోదే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి లక్షలు ఇచ్చిన విక్రమదేవ వర్మ ఈ జయపురం రాజే. ఆ రాత్రి కాలాజీరా బియ్యంతో అన్నం వండింది, గుమ్మంలోకే వాసన వచ్చింది, బావ మాత్రం టెన్షన్‌తో సగం తిని లేచాడు.

పొద్దున్నే పెద్దమ్మ చెప్పిన మేస్త్రి దగ్గరికి వెళ్లాం. పార్వతీపురం మనిషి, ఆటో ఎలక్ట్రికల్ పని. నేనైతే దారిపొడుగునా ఆ మోడ్లు మార్చే మోటరే పోయిందని తేల్చేశాను. ఆయన ముందు ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. తర్వాత బండి కిందికి దూరి రెండు ఇరుసులకీ పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీదున్న మోటర్ కప్లర్, అదే వైర్ల ప్లగ్గు, పీకి, బ్యాటరీ నుంచి రెండు వైర్లు తెచ్చి క్షణం సేపు తాకించాడు. గిర్ర్‌మంది. వైర్లు అటూ ఇటూ మార్చి తాకిస్తే వెనక్కి తిరిగింది. అలా కొంచెం కొంచెంగా టూ హెచ్‌లోకి తెచ్చేశాడు. "మోటర్ రాజాలా ఉంది బాబూ. దానికి ఆర్డరిచ్చేవోడు పడుకున్నాడు."

ఆ ఆర్డరిచ్చేది డ్రైవర్ కాళ్ల దగ్గర, పక్క ప్లాస్టిక్ వెనకాల ఉండే అరచేయంత నల్ల డబ్బా. నాబ్ తిప్పగానే అదేం గుడ్డిగా మోటర్‌ని తిప్పదు, బండి ఆగిందా, క్లచ్ తొక్కారా, మోటర్ ఇప్పుడు ఎక్కడుంది అని అన్నీ చూసుకుని అప్పుడు కరెంటు వదులుతుంది. బ్యాటరీ నెగెటివ్ తీసేసి మేస్త్రి ఆ డబ్బా విప్పి నా చేతిలో పెట్టాడు. ఒక వరస పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి, రెండు విరిగిపోయేలా ఉన్నాయి. మూత తీస్తే లోపల బోర్డు మీద కూడా ఆ పచ్చే.

కొత్తది పద్దెనిమిది వేలు, మూడు వారాలు ఆగాలన్నారు. స్టిక్కర్ ఫొటో వాట్సాప్‌లో పంపితే విశాఖలో ఒక పాత సామాన్ల షాపు ఆరున్నర వేలకి ఇస్తానని రాత్రి బస్సులో పార్సిల్ వేసింది. పొద్దున్నే తెచ్చి చూస్తే నంబరంతా అదే, చివరి అక్షరం వేరు. షాపతనికి ఫోన్ చేస్తే "రెండూ ఒకటేనండీ, పెట్టేయండి" అన్నాడు. కప్లర్ కూడా చక్కగా పట్టింది. నేనైతే పెట్టించేసేవాణ్నే, మేస్త్రి ఒప్పుకోలేదు. అది ఆటోమేటిక్ గేర్ల బండిదట, మనదాంట్లో క్లచ్ స్విచ్ నుంచి వచ్చే వైరు దానికి అర్థం కాదు, ఫోర్ ఎల్ ఎప్పటికీ పడదు అన్నాడు. ఆ రాత్రి బస్సుకే తిప్పి పంపాం.

అది మారి వచ్చేలోగా ఒక రోజు చేతిలో మిగిలింది. మేస్త్రి ఆ రోజంతా డబ్బా సంగతి వదిలేసి నీళ్లు ఎలా వచ్చాయో వెతికాడు. నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే, ఎందుకంటే తడి ఎక్కడిదో తెలియకుండా కొత్తది బిగిస్తే అదీ ఇలాగే చిలుం పట్టేది. నన్ను బానెట్ దగ్గర నిలబెట్టి అద్దం మీద చెంబుతో నీళ్లు పోయించాడు, తను లోపల టార్చి పట్టుకుని పడుకున్నాడు. "పొయ్ బాబూ... ఆఁ, వచ్చింది!" వైపర్ల కింద గూట్లో నీళ్లు పోయే కన్నం మూసుకుపోయింది, నిండిన నీళ్లు వైర్లు లోపలికి వెళ్లే రబ్బరు బుష్ పక్కనుంచి కారి సరిగ్గా డబ్బా నెత్తిన చుక్కచుక్కగా పడుతున్నాయి. గూట్లో చెయ్యి పెట్టి తీస్తే గుప్పెడు కుళ్లిన మామిడాకులు. సాలూరులో మా ఇంటి చెట్టువే. బావ నావైపు చూడలేదు.

మర్నాడు సరైన డబ్బా వచ్చింది. కప్లర్‌లో చిలుం పట్టిన టెర్మినల్స్ కోసి కొత్తవి వేశాడు, బుష్ చుట్టూ సీలెంట్ పూశాడు, డబ్బాని కప్లర్ కిందికి ఉండేలా తిప్పి బిగించాడు. స్కానర్ పెట్టి పాత ఫాల్ట్ కోడ్లు చెరిపాక బావ నాబ్ తిప్పాడు. కటక్. మళ్లీ తిప్పాడు. కటక్. పదిసార్లయినా తిప్పుంటాడు, మేస్త్రి "ఇంక చాలు బాబూ, మోటర్ అరిగిపోద్ది" అనేదాకా.

తిరుగు దారిలో సుంకి ఘాట్ అంతా జోరు వాన. నేను సగం దారి ఆ ప్లాస్టిక్ కింద చెయ్యి పెట్టి తడి ఉందేమోనని తడుముతూనే ఉన్నాను, పొడిగానే ఉంది. ఇంటికొచ్చి బండి వీధిలో ఎండలో పెట్టాం. మామిడిచెట్టు కింద ఖాళీ అయిన చోట మర్నాటికే అక్క బట్టల తాడు కట్టేసింది.