రాధానగర్‌లో సూర్యుడు ఐదుంపావుకే దిగిపోయాడు

ముందే చెప్తున్నా, నేను ఫొటోగ్రాఫర్ని కాదు. బెంజి సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో లెక్కలు రాసుకునే మనిషిని, ఆదివారం పొద్దున్నే కెమెరా మెళ్ళో వేసుకుని ప్రకాశం బ్యారేజీ మీద తిరగడం తప్ప వేరే దురలవాట్లేం లేవు. అలాంటోణ్ణి సంక్రాంతి అవగానే అమ్మని తీసుకుని అండమాన్ వెళ్ళొచ్చా. ఇక్కణ్ణించి రైల్లో చెన్నై, అక్కణ్ణించి ఫ్లైట్, మళ్ళీ పడవ. హేవలాక్ దీవికి 2018లోనే స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ, పడవ టికెట్లోడి దగ్గర్నుంచి టిఫిన్ కొట్టోడి దాకా అందరూ ఇంకా హేవలాకే అంటున్నారు, నేనూ అదే అంటా.

మొదటి సాయంత్రమే దెబ్బ తిన్నా. రాధానగర్ బీచ్ పడమర వైపు ఉంటుంది, సన్‌సెట్‌కి అదే పేరుమోసిన చోటు. జనవరిలో మన బెజవాడలో సూర్యుడు ఆరు దగ్గర పడితే గానీ దిగడు కదా, అదే లెక్కేసుకుని తీరిగ్గా టీ తాగి, అమ్మ డబ్బాలో తెచ్చిన జంతికలు నాలుగు తిని ఐదున్నరకి బీచ్‌కి వెళ్తే, ఆ పెద్ద పెద్ద చెట్ల మధ్యలోంచి జనం అందరూ ఎదురొస్తున్నారు. అయిపోయిందంట. ఐదుంపావుకే.

ఇంటర్‌లో చదివిన జాగ్రఫీ అప్పుడు గుర్తొచ్చింది. మన గడియారం టైం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, మన కాకినాడ దగ్గర్లోంచే పోతుంది అది, విజయవాడ 80.6, అంటే మనకి సూర్యుడికీ గడియారానికీ పెద్ద పేచీ ఉండదు. హేవలాక్ 93 దగ్గరుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున వేసుకోండి, మనకన్నా దాదాపు 50 నిమిషాలు ముందు నడుస్తుంది అక్కడి సూర్యుడి టైం, కానీ గోడ మీద గడియారం మాత్రం అదే. పైగా యూరప్ వాళ్ళ వీడియోల్లో చెప్పే గోల్డెన్ అవర్, అదే సూర్యుడు దిగే ముందు బంగారు రంగు వెలుతురు ఉండే టైం, ఈ వైపు అవర్ ఏం ఉండదండీ, సూర్యుడు నిటారుగా దిగిపోతాడు, చీకటి కూడా గబుక్కున పడుతుంది.

సరే మర్నాడు సన్‌రైజ్ పడదాం అని నాలుగున్నరకే లేచి కాలాపత్థర్ బీచ్‌కి వెళ్ళాం, అది తూర్పు వైపు. ఆకాశం నారింజ రంగులోకి తిరుగుతోంది, ట్రైపాడ్ నిలబెట్టా, కెమెరా బ్యాగులోంచి తీశా, అంతే, లెన్స్ మొత్తం తెల్లగా మసక. తుడిస్తే మళ్ళీ పట్టేస్తోంది, మళ్ళీ తుడిస్తే మళ్ళీ. సూర్యుడు చక్కగా పైకొచ్చేశాడు, నా దగ్గర ఉన్నవి పొగలో తీసినట్టున్న పదకొండు ఫొటోలు.

అమ్మ పక్కన రాయి మీద కూచుని, "రాత్రంతా ఏసీ పెట్టి గదిని ఫ్రిజ్ చేశావుగా, చల్ల మజ్జిగ గ్లాసు బయట పెడితే చెమట పట్టదేంట్రా?" అంది. అంతకన్నా బాగా ఏ పుస్తకంలోనూ చెప్పలేదు. ఆ రాత్రి కందిపొడి తెచ్చిన జిప్ కవర్ కడిగి ఆరబెట్టి కెమెరా అందులో పెట్టి మూశా. పొద్దున్నే ఆ కవర్తోనే బయటికి తీసుకెళ్ళి అరగంట ఆగితే చెమట కవర్‌కి పడుతుంది, లెన్స్‌కి కాదు. కాకపోతే ఆ ట్రిప్పంతా కెమెరా కంటికి ఆనించినప్పుడల్లా వెల్లుల్లి వాసన.

ఇంకోటి, అక్కడి ఇసుక. మన కృష్ణ ఇసుకలా కాదు, పగడాలు, గవ్వలు అరిగి అరిగి అయిన పొడి అది, తెల్లగా కళ్ళు చెదురుతాయి. కెమెరా దాన్ని చూసి ఓహో వెలుతురు ఎక్కువైందని అనుకుని తగ్గించేస్తుంది, ఇసుకేమో బూడిద రంగులో వస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పైకి, అంటే వెలుతురు రెట్టింపు తీసుకునేలా పెడితే గానీ తెలుపు తెలుపులా రాలేదు.

నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు ఆ తడి ఇసుక మీద శనగ్గింజంత పీతలు బయటికొస్తాయి. బోర్లా పడుకుని మాక్రో లెన్స్‌తో చూశా. ఇసుక నోట్లో పెట్టుకుని, అందులో తినేది ఏదో తినేసి, మిగిలింది గుండ్రటి ఉండ చేసి పక్కకి తోసేస్తుంది, మళ్ళీ ఒక అడుగు, మళ్ళీ ఒక ఉండ. బొరియ చుట్టూ కిరణాల్లా వరసలు. అమ్మ వంగి చూసి "చుక్కల ముగ్గే కదరా" అంది. పోటు రాగానే మొత్తం చెరిగిపోతుంది. ట్రిప్పు మొత్తంలో నాకు నచ్చిన ఫొటో ఇదే, సన్‌సెట్లు ఎవడైనా తీస్తాడు.

తర్వాత నీల్ దీవి. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ అని ఊళ్ళ పేర్లు వింటే అమ్మకి ఒకటే సంబరం, "మరి రాముడేడిరా?" అంటే రామ్‌నగర్ కూడా ఉందమ్మా అని చెప్పా. లక్ష్మణ్‌పూర్ దగ్గరి రాతి వంతెన దాకా నడవాలంటే నీళ్ళు తగ్గాలి, ఆ టైం రోజుకి 50 నిమిషాల చొప్పున ఆలస్యం అవుతూ ఉంటుంది, నిన్న ఎవరో వెళ్ళిన టైంకి ఈరోజు వెళ్తే మోకాలి లోతు. అక్కడి గుంటల దగ్గర పోలరైజర్ ఫిల్టర్ మెల్లగా తిప్పుతుంటే నీటి మీద తెల్లటి మెరుపు పోయి అడుగున పగడాలు, చేపలు తేలాయి, అబ్బ. దాన్నే వైడ్ లెన్స్‌కి పెట్టి ఆకాశం తీస్తే మాత్రం సగం ముదురు నీలం సగం లేతగా వచ్చి చెడింది.

పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, అదే లెన్స్ ముందు పెట్టే నల్లటి అద్దం, అది కూడా మోసుకెళ్ళా, ఫొటోకి పట్టే టైం సెకన్లో ముప్పయ్యో వంతు కాస్తా అరనిమిషం అవుతుంది, అలలు పొగమంచులా వస్తాయి. కానీ తడి ఇసుకలో ప్రతి అలకీ ట్రైపాడ్ కాలు కాస్త కాస్త దిగబడుతోంది, అన్నీ షేకే. కాళ్ళు ముందే బలంగా గుచ్చి దింపేశాక రెండు బాగొచ్చాయి.

అమ్మ రెండు గవ్వలు కొంగున కట్టుకుంది. పోర్ట్ బ్లెయిర్‌లో మా ఆటో అతను శ్రీకాకుళం మనిషి, మా తెలుగు విని మురిసిపోయి, గవ్వలు చూసి మాత్రం "అవి పట్టుకెళ్ళనివ్వరమ్మా, ఎయిర్‌పోర్టులో తీయించేస్తారు" అన్నాడు. అమ్మ మొహం చిన్నబుచ్చుకుని దిగి సముద్రంలోనే వేసొచ్చింది.

ఇంటికొచ్చాక ఉప్పు పోవాలని ట్రైపాడ్ విప్పి కడగబోతే కాళ్ళలోంచి పేపర్ మీదకి రెండు చెంచాల తెల్లిసుక రాలింది. అది పగడాల పొడి అంటే అమ్మ నమ్మలా. నిమ్మచెక్క తెచ్చి పిండా, బుసబుసా పొంగింది. అమ్మ పరిగెత్తుకెళ్ళి వెనక కుండీలోంచి గుప్పెడు కృష్ణ ఇసుక తెచ్చి, మిగతా చెక్క దాని మీద పిండి, వంగి చూస్తూ కూచుంది.