షాక్ వేవ్ వచ్చి గుంత మీద పడితే

విండ్ టన్నెల్ అడుగున పొడవాటి పెట్టె ఆకారంలో ఒక గుంత, దాని మీంచి మాక్ 2లో, అంటే ధ్వనికి రెండింతల వేగంతో, గాలి. అమెరికాలో మా యూనివర్సిటీ ల్యాబ్‌లో నా పని అంతా దాని చుట్టూనే. ఎఫ్-22 లాంటి ఫైటర్లు మిస్సైళ్లని కడుపులో దాచుకుంటాయి కదా, ఆ తలుపులు తెరిస్తే అక్కడుండేదీ ఇలాంటి గుంతే. అసలు విమానం కొలతలు మాత్రం మా చేతికి రావు, ఎక్స్‌పోర్ట్ కంట్రోల్ రూల్స్ వల్ల వీసా మీదున్నవాళ్లని ఆ ప్రాజెక్టుల దగ్గరికి రానివ్వరు. వచ్చిన కొత్తలో చాలా బాధేసేది. ఇప్పుడు ఈ ఉత్త గుంత అంటేనే ఇష్టం, దీని మీద చేసిందంతా పేపర్‌గా రాసుకోవచ్చు, అసలు ఫిజిక్స్ కూడా ఇందులోనే ఉంది.

పైన దూసుకెళ్లే గాలికీ లోపల మందంగా తిరిగే గాలికీ మధ్య పల్చటి పొర ఉంటుంది, షియర్ లేయర్ అంటాం. అది సుడులు తిరుగుతూ వెళ్లి వెనక గోడకి కొట్టుకుంటే ప్రెషర్ వేవ్ పుడుతుంది, పైనున్న గాలి సూపర్‌సోనిక్, అంటే ధ్వని కంటే వేగం, కాబట్టి దానికి అటునుంచి ముందుకి దారి లేదు, గుంత లోపల్నుంచే వెళ్లి ముందంచు దగ్గర పొరని కదిలిస్తుంది, మళ్లీ కొత్త సుడి, అలా ఆగకుండా మోగుతూనే ఉంటుంది. నిజం విమానాల్లో ఇది 160 డెసిబెల్స్ దాటుతుంది, లోపలున్న మిస్సైల్‌కి అది మంచిది కాదు. 1964లో ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరో నుంచి రాసిటర్ అనే పరిశోధకుడు ఈ మోత ఏ ఫ్రీక్వెన్సీల్లో వస్తుందో లెక్కగట్టడానికి ఇచ్చిన ఫార్ములానే ఇప్పటికీ మేం సెన్సర్ డేటాలో పీక్ కనపడగానే ముందు తీసేది.

నా వంతు పని పైన వెడ్జ్ అనే ఏటవాలు ముక్క పెట్టి, దాన్నుంచి పుట్టే షాక్‌ని (గాలి ప్రెషర్ ఒక్కసారిగా పెరిగే పల్చటి అల) కావాలనే పొర మీద పడేయడం. గట్టి గోడ మీద పడితే షాక్ మామూలుగా షాక్‌లాగే తిరిగొస్తుంది, పొర మీద పడితే అలా కాదు, కింద ప్రెషర్ పెద్దగా మారదు కాబట్టి ఎక్స్‌పాన్షన్‌గా, అంటే ప్రెషర్ తగ్గించే అలగా, తిరిగెళ్తుంది, పొర గుంతలోకి వంగుతుంది. గాలి సాంద్రతలో తేడాలు కనపడేలా తీసే ష్లీరెన్ వీడియోలో ఆ వంపు కళ్లారా చూస్తుంటే ఎంత అలసట ఉన్నా పోతుంది నిజంగా.

స్క్రామ్‌జెట్‌లో, అంటే లోపల గాలి సూపర్‌సోనిక్‌గా వెళ్తుండగానే ఇంధనం మండించే ఇంజిన్‌లో, మంట ఆరకుండా పట్టి ఉంచడానికి వాడేదీ ఇలాంటి గుంతలే, అక్కడ ఇంజిన్ లోపలి షాక్‌లు ఈ పొర మీదే పడొచ్చు. 2025 జనవరిలో హైదరాబాద్‌లో డీఆర్‌డీఎల్ (డీఆర్‌డీవో మిస్సైల్ ల్యాబ్) వాళ్లు స్క్రామ్‌జెట్ కంబస్టర్‌ని, అంటే ఇంధనం మండే భాగాన్ని, నేల మీద 120 సెకన్లు నడిపారని చదివినరోజు రాత్రి నిద్రపట్టలేదు, సెకన్లలో గాలి ట్యాంకు ఖాళీ అయ్యే టన్నెల్ దగ్గర పనిచేసేవాడికి 120 అంటే ఎంతో తెలుసు.

ఇప్పుడు వెడ్జ్‌ని వెనక గోడ వైపుకి కొంచెం కొంచెంగా జరుపుతున్నాం, ఎక్కడ పడితే ఆ మోత తగ్గుతుందో చూడాలి.