ఫోన్ ఎవరెత్తుతారో అడగలేదు

హెచ్‌ఐవీ మందులు తీసుకెళ్లాల్సిన తేదీ దాటిపోయిందని ఒకామెకు ఫోన్ చేశాను. ఎత్తింది మగమనిషి. “ఏఆర్‌టీ సెంటర్ నుంచండీ, ఆవిడ ఉన్నారా?” అనేశాను. ఏఆర్‌టీ అంటే హెచ్‌ఐవీ చికిత్స. అటునుంచి మాట లేదు, ఫోన్ కట్టయింది. వారం తిరక్కుండానే ఆమె బట్టల సంచీతో మా ఆఫీసుకొచ్చింది. “నంబరిచ్చింది నేనే అన్నా. ఎవరెత్తుతారో మీరు అడగలేదుగా” అంది, అంతే.

ఔట్‌రీచ్ పనిలో, అంటే జనం దగ్గరికే వెళ్లి చేసే పనిలో, చేరి అప్పటికి నాలుగు నెలలు. ఎంతమందికి టెస్టు చేశాం, ఎంతమందిని మందుల మీద పెట్టాం అన్న లెక్కే నా ధ్యాస. ఆ తర్వాత కార్డు మీద మూడు ప్రశ్నలు చేర్చాం: ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళకు చేయాలి, మెసేజీ పెట్టొచ్చా. వేరేవాళ్లు ఎత్తితే ఏం చెప్పాలో కూడా వాళ్లనే అడుగుతాం. “కుట్టడానికిచ్చిన బట్టలు రెడీ అనండి” అంది ఒకావిడ. ఆవిడకి నేను ఇప్పటికీ టైలర్నే.

పేర్లున్న రిజిస్టరు బీరువా దాటి బయటికి రాదు. నా సంచీలో తిరిగే డైరీలో కోడ్ నంబర్లే ఉంటాయి. ఓ రాత్రి పోలీసులు ఆపి కండోములన్నీ కిందపోసి, డైరీ తిరగేశారు. చదువుకోడానికి వాళ్లకేమీ దొరకలేదు.

అన్నిటికంటే కష్టమైంది హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల భాగస్వాములకు టెస్టు చేయడం. అది ఇష్టపూర్వకంగానే జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. టార్గెట్ల ఒత్తిడిలో ఆ మాట ఎక్కడో జారిపోతుంది. నేనిప్పుడు పేర్లు అడిగేముందు, “తెలిస్తే కొడతాడా? ఇంట్లోంచి గెంటేస్తాడా?” అని అడుగుతాను. అవునన్నా, ముఖం తిప్పుకున్నా, జవాబు ఆలస్యమైనా అక్కడితో ఆపేస్తాను. ఫారం ఖాళీగా ఉంటే ఉండనీ. కొందరు సెల్ఫ్ టెస్ట్ కిట్ తీసుకెళతారు. అందులో రియాక్టివ్, అంటే హెచ్‌ఐవీ ఉండొచ్చని, వస్తే అదే తుది ఫలితం కాదు, మళ్లీ పరీక్ష చేసి నిర్ధారించుకోవాలి. ఆ మాట కిట్ చేతిలో పెట్టేటప్పుడే చెప్పాలి. ఇంటికెళ్లి ఒంటరిగా చూసుకునేది వాళ్లే కదా.

నలుగురితో ఒకే గదిలో ఉండే ట్రాన్స్ అక్క ఒకరు మందుల డబ్బా నా చెవి దగ్గర పెట్టి ఊపింది. గలగల. “ఈ చప్పుడే నన్ను పట్టిస్తోంది” అంది. లేబుల్ పీకేసి, లోపల దూది కుక్కాం. వేరే డబ్బాలోకి మాత్రం మార్చనివ్వలేదు, తేమ పీల్చే పొట్లం అందులోనే ఉండాలి. ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లకి ఒకేసారి ఆరు నెలల మందులిస్తే తిరుగుడు తప్పుతుంది, నిజమే. కానీ ఆరు డబ్బాలు దాచుకునే చోటేది? అక్క నెలనెలా వస్తానంది. సరే అన్నాం.

బట్టల సంచీతో వచ్చినామె మందులు మళ్లీ మొదలెట్టింది. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షలో కనబడనంత తగ్గింది. అలా తగ్గి నిలిస్తే శృంగారం ద్వారా ఇతరులకు సోకదు. 2019లో వచ్చిన పార్ట్‌నర్ 2 అధ్యయనంలో ఇద్దరిలో ఒకరికే హెచ్‌ఐవీ ఉన్న 782 స్వలింగ పురుష జంటల్లో ఒక్కరికీ చికిత్సలో ఉన్న భాగస్వామి నుంచి అంటలేదు. ఆ సంగతి ఆమెకు రెండుసార్లు చెప్పించుకుంటేగానీ నమ్మకం కుదరలేదు.

ఇప్పుడు ఆమె మా దగ్గరే పీర్ వర్కర్, అంటే తనలాంటివాళ్లకి తోడుండే మనిషి. కొత్తవాళ్లకి ఫోన్ చేయడం నేర్పేది తనే. కుర్చీ అటు తిప్పుకుని, గొంతు బొంగురు చేసి “హలో, ఎవరు?” అంటుంది. అవతలివాళ్లు “ఏఆర్...” అనగానే ఫోన్ పెట్టేస్తుంది.