మూడు అట్టముక్కలు, ఒక పది అంగుళాల అద్దం

మా అక్క కొడుకు టెలిస్కోపు కొందామనుకున్నాడు. నెల రోజులపాటు కనబడిన పట్టికలన్నీ చదివాడు. చదివిన కొద్దీ తికమక పెరిగి ఒక రాత్రి నాకు ఫోను చేశాడు. "పిన్నీ, అద్దం ఆరు అంగుళాలదా, ఎనిమిదా, పదా? ఒక్క ముక్కలో చెప్పు."

ఒక్క ముక్కలో తేలేదే అయితే వాడికి అన్ని రోజులు పట్టేది కాదు. "శనివారం అమావాస్య. సాయంత్రానికి వచ్చెయ్. అన్నీ ఒకే రాత్రి చూపిస్తాను, నువ్వే తేల్చుకో" అన్నాను. నా దగ్గర ఉన్నది ఒక్కటే, పది అంగుళాల డాబ్సోనియన్, అంటే పీట మీద పెట్టి చేత్తో తిప్పే అద్దపు టెలిస్కోపు. మిగతావి అట్టతో తయారుచేశాను.

ఈ పని ఎవరైనా చేసుకోవచ్చు కాబట్టి వివరంగా చెబుతాను. నా టెలిస్కోపు అద్దం వ్యాసం 254 మి.మీ., ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటుకు దూరం) 1200 మి.మీ. ట్యూబు మూతికి సరిపోయేలా పాత అట్టపెట్టెలోంచి మూడు బిళ్లలు కోశాను. పెన్సిలుకు దారం కట్టి, రెండో కొస మేకుకు చుట్టి గుండ్రంగా గీతలు గీశాను. ఒక బిళ్లకు నడిమధ్యలో 200 మి.మీ. రంధ్రం, ఇంకోదానికి 150. మూడోదానికి మాత్రం 90 మి.మీ. రంధ్రం మధ్యలో కాకుండా ఓ పక్కకు పెట్టాను. ఎందుకంటే ట్యూబు మధ్యలో కాంతిని ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) వైపు మళ్లించే చిన్న అద్దం ఉంటుంది, నాదానికి అది 60 మి.మీ. దాన్నీ, దాన్ని పట్టి ఉంచే నాలుగు సన్నని రేకులనూ తప్పించి రంధ్రం పెడితే, అడ్డమే లేని 90 మి.మీ. టెలిస్కోపు తయారవుతుంది. లోపలి వైపు నల్లరంగు పూశాను. అట్ట మార్చడానికి పది సెకన్లు చాలు. ఆ పది సెకన్లే ముఖ్యం. నిన్న ఒక టెలిస్కోపులో, ఇవాళ ఇంకో టెలిస్కోపులో చూసి పోల్చుకుంటే జ్ఞాపకం మోసం చేస్తుంది.

అందే కాంతి లెక్క కూడా వాడికి ముందే చెప్పాను. అట్ట లేకుండా వచ్చే కాంతిలో 200 అట్ట పదింట ఆరు వంతులు రానిస్తుంది. 150 అట్ట మూడో వంతు కూడా రానివ్వదు. 90కి ఏడో వంతుకన్నా కాస్త తక్కువే. 150 అట్ట విషయంలో ఇంకో సంగతి ఉంది. అసలైన ఆరు అంగుళాల టెలిస్కోపులో మధ్య అద్దం చాలా చిన్నది. నా అట్ట వెనక మాత్రం అదే 60 మి.మీ. అడ్డం అలాగే ఉండిపోతుంది. కాబట్టి నిజమైన ఆరు అంగుళాలది దీనికంటే బాగానే చూపిస్తుంది, అది మనసులో పెట్టుకో అన్నాను.

మొదట సప్తర్షి మండలంలో వశిష్ఠుడి వైపు తిప్పాం. పక్కన అరుంధతి మామూలు కంటికే కనిపిస్తుంది. టెలిస్కోపులో వశిష్ఠుడు కూడా రెండుగా విడిపోతాడు. ఆ రెంటి మధ్య ఎడం 14 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే ఒక డిగ్రీలో 3600వ వంతు కోణం). 90 అట్ట పెట్టినా తీసినా అదే దృశ్యం, కాంతి మాత్రం తగ్గి పెరిగింది. "తేడా ఏమీ లేదే" అని వాడు ఒకింత డీలా పడ్డాడు. ప్రకాశవంతమైన, ఎడంగా ఉన్న జంటల దగ్గర అంతే. ఇలాంటివే చూస్తూ ఉండిపోయేవాళ్లకు పెద్ద అద్దం అవసరమే లేదు.

తర్వాత హెర్క్యులిస్‌లోని ఎం13 గోళాకార నక్షత్ర గుచ్ఛం. నాకు ఇష్టమైన వాటిలో మొదటిది ఇదే. కొన్ని లక్షల నక్షత్రాలు ఒకే గుత్తిగా ఉన్న చోటు. 10 మి.మీ. ఐపీస్ వేశాను, అంటే 120 రెట్లు. చిన్న అట్టతో మొదలుపెట్టి పెద్దవాటికి వెళ్లాం.

90లో గుండ్రటి పొగమచ్చ. మధ్యలో కొంచెం చిక్కగా, అంచుల్లో పలచగా, గాజుపలక మీద ఊదిన ఊపిరిలా. అందంగానే ఉంది కానీ అందులో నక్షత్రాలున్నాయని ఎవరైనా చెబితే నమ్మాల్సిందే తప్ప కన్ను పట్టుకోలేదు. 150 పెట్టాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిన్నీ, అంచుల్లో ఏదో గరుకుగా ఉంది" అన్నాడు. సూటిగా కాకుండా చూపు కొంచెం పక్కకు పెట్టి చూడమన్నాను. చీకట్లో కంటి మధ్యభాగం కంటే పక్కభాగమే మసక కాంతిని బాగా పట్టుకుంటుంది. "ఉన్నాయి! చుక్కలు! వస్తున్నాయి, పోతున్నాయి" అన్నాడు, ఐపీస్ దగ్గర నుంచి తల తీయకుండానే. 200లో ఆ చుక్కలు రావడం పోవడం మానేసి నిలబడ్డాయి, మధ్య వరకూ పాకాయి. అట్ట పూర్తిగా తీసేస్తే ఇంకాస్త చిక్కగా, ఇంకాస్త నిండుగా కనిపించింది. ఇక్కడ వాడు నాలుగైదు సార్లు 200 అట్టను పెడుతూ తీస్తూ చూశాడు. తేడా ఉంది, కానీ దాన్ని వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. 90 నుంచి 150కి వెళ్లినప్పుడు ఎవరూ వెతకనక్కర్లేదు.

నేను వాడికి చూపించాలనుకున్నది ఇదే. మంచి చీకటి ఆకాశంలో 90 మి.మీ. టెలిస్కోపుకు అందే చివరి నక్షత్రాలు సుమారు 11.8 మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటాయి. మాగ్నిట్యూడ్ అంటే నక్షత్ర ప్రకాశానికి కొలత, అంకె పెరిగితే కాంతి తగ్గినట్టు. 150కి దాదాపు 13, 200కి పదమూడున్నర, 254కి 14. ఎం13లో అన్నిటికన్నా ప్రకాశవంతమైన నక్షత్రాలు ఇంచుమించు 12 దగ్గర మొదలవుతాయి. 90కి అవి గడప అవతలే ఉండిపోతాయి. 150 ఆ గడప దాటుతుంది. అక్కడ దాటాక, 200 నుంచి 254కి వెళితే దక్కేది అర మాగ్నిట్యూడ్. ఆ అరలో కొత్త గడప ఏదీ లేదు, ఉన్న గదిలోనే కాస్త ముందుకు నడుస్తాం. ఈ గుచ్ఛంలో మళ్లీ పెద్ద సంఖ్యలో నక్షత్రాలు ఎదురయ్యేది 15 దగ్గర. దానికి పది కాదు, పదహారు అంగుళాలు కావాలి. అందుకే "ఎంత పెద్దది" అన్న ప్రశ్న నాకు అసంపూర్ణంగా అనిపిస్తుంది. ఏది చూడాలనుకుంటున్నావు, దాని గడప ఎక్కడుంది అన్నది తెలిస్తే అంగుళాలు వాటంతట అవే తేలతాయి.

అక్కడి నుంచి అభిజిత్తు పక్కకు వెళ్లాం. లైరా మండలంలోని ఎప్సిలాన్ జంటల జంట. విడిగా కనిపించే రెండు నక్షత్రాలు, ఒక్కొక్కటీ మళ్లీ రెండు. ఆ లోపలి జంటల ఎడం రెండున్నర ఆర్క్ సెకన్లకు లోపు. ఈసారి 8 మి.మీ. ఐపీస్, 150 రెట్లు. అట్ట లేకుండా చూస్తే నాలుగూ ఉన్నాయి, కానీ ఉడుకుతున్న నీళ్ల అడుగున ఉన్నట్టు కదులుతూ, చెదురుతూ, ఒకదానిలోకి ఒకటి కారుతూ ఉన్నాయి. 90 అట్ట పెట్టగానే అలజడి అణిగిపోయింది. నాలుగు చిన్న బిందువులు, ఒక్కొక్కదాని చుట్టూ సన్నని వలయం, జంటల మధ్య వెంట్రుకవాసి నల్లటి ఖాళీ. "చిన్నదే బాగుంది పిన్నీ!" అన్నాడు ఆశ్చర్యపోతూ.

లెక్క ప్రకారం నా అద్దం అర ఆర్క్ సెకను ఎడమున్న జంటను కూడా విడదీయగలదు. 90 మి.మీ.కు ఆ హద్దు 1.3 సెకన్లు. కానీ మన తలపైన గాలి ఆ రాత్రి రెండు సెకన్ల మేర చెదరగొడుతోంది. పెద్ద అద్దం ముందు ఒకేసారి అనేక గాలి సుడులు నిలబడతాయి, ఒక్కొక్కటీ కాంతిని ఒక్కో వైపు వంచుతుంది. చిన్న రంధ్రం వాటిలో ఒకటి రెంటి గుండానే చూస్తుంది కాబట్టి బొమ్మ నిలకడగా ఉంటుంది. అయితే దీన్నిబట్టి చిన్నదే మేలని వాడు తీర్మానించుకోకుండా ఆపాను. గాలి నిశ్చలంగా ఉన్న రాత్రి గురుడి మేఘపట్టీల్లో నా పది అంగుళాలు చూపించే వివరాలను ఏ 90 మి.మీ. కూడా చూపించజాలదు. అలాంటి రాత్రులు అరుదు, వచ్చినప్పుడు నేను తెల్లవార్లూ పడుకోను.

ఎం51 అనే గెలాక్సీని కూడా చూశాం. ఏ అట్ట పెట్టినా, తీసినా, పక్కపక్కనే రెండు మసక మచ్చలు. మా డాబా మీద ఆకాశం అంతవరకే ఇస్తుంది. ఇదే టెలిస్కోపులో, దీపాల కాంతి సోకని చోట, ఆ గెలాక్సీ సర్పిలాకారపు చేతులను నేను చూశాను. వీధిదీపాల వెలుగు ఆకాశాన్ని నింపినప్పుడు పెద్ద అద్దం గెలాక్సీ కాంతితోపాటు ఆ వెలుగును కూడా అంతే శ్రద్ధగా పోగుచేస్తుంది. ఈ గడపను అంగుళాలతో దాటలేం, ప్రయాణంతో దాటాలి. గెలాక్సీలే కావాలనుకునేవాళ్లు కారులో పట్టే టెలిస్కోపు కొనుక్కోవాలని నేను చెప్పేది అందుకే.

వయసు సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి అదీ చెబుతాను. నాకు యాభై నాలుగు. చీకట్లో నా కంటిపాప ఐదు మిల్లీమీటర్లు విప్పారి ఆగిపోతుంది, కళ్ల డాక్టరు దగ్గర కొలిపించుకున్నాను. నా టెలిస్కోపుకు 32 మి.మీ. ఐపీస్ పెడితే 37.5 రెట్లు, అద్దం వ్యాసం 254ను దాంతో భాగిస్తే బయటికొచ్చే కాంతిపుంజం వెడల్పు 6.8 మి.మీ. ఇరవై నాలుగేళ్ల మా వాడి కంట్లోకి అది ఇంచుమించు మొత్తం వెళుతుంది. నా కంట్లోకి మధ్యభాగమే వెళుతుంది, మిగతాది కంటిపాప అంచున పడి వృథా. ఆ ఐపీస్‌తో నేను చూస్తున్నంతసేపూ నా పది అంగుళాల అద్దం 190 మి.మీ. కూడా లేనట్టే లెక్క. రెట్లు పెంచితే పుంజం సన్నబడి ఈ నష్టం పోతుంది. విశాలమైన దృశ్యాల కోసం పెద్ద అద్దం కొనాలనుకునే నా వయసువాళ్లు ఈ భాగహారం ఒకసారి చేసుకోవాలి.

రాత్రి రెండున్నరకు మూసేద్దామనుకున్నప్పుడు, ట్యూబు నువ్వే లోపల పెట్టు అన్నాను. నాది డాబా మీది గదిలోనే ఉంటుంది, తలుపు తీస్తే ఆకాశం. అందుకే పది అంగుళాలు నాకు సరిపోయింది. వాడు ట్యూబును కౌగిలించుకుని లేపి, నాలుగడుగులు వేసి, గోడకు తగలకుండా తలుపు దగ్గర పక్కకు తిరగడానికి ఇబ్బందిపడ్డాడు. ట్యూబు, దాని పీట రెండూ కలిపి ముప్ఫై కిలోల దాకా ఉంటాయి. ఎనిమిది అంగుళాలదైతే సుమారు ఇరవై, ఆరైతే ఇంకా తక్కువ. చిత్రమేమిటంటే ఈ మూడింటి ట్యూబుల పొడవూ ఇంచుమించు ఒకటే, దాదాపు నాలుగు అడుగులు. పెరిగేది లావూ బరువూ. అద్దం లావైతే రాత్రి గాలికి చల్లబడడానికీ ఎక్కువసేపు పడుతుంది. అంతదాకా బొమ్మ స్థిరపడదు.

పాత ఇంట్లో ఇదే టెలిస్కోపు కింద గదిలో ఉండేది. అప్పటి నా పరిశీలనల పుస్తకంలో వరుసగా నెలలకు నెలలు ఖాళీ. మబ్బు లేకపోయినా ఖాళీ. ఆ పేజీలు వాడికి చూపించాను. ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ 1789లో 48 అంగుళాల అద్దంతో నలభై అడుగుల పొడవైన టెలిస్కోపు పూర్తిచేశాడు. ఆ కాలంలో అంత పెద్దది ఇంకెక్కడా లేదు. అయినా దాన్ని కదపడం, తిప్పడం మహా ప్రయాస కావడంతో ఆయన ఆకాశాన్ని గాలించిందంతా ఎక్కువగా ఇరవై అడుగులదానితోనే. అంతకుముందు 1781లో యురేనస్‌ను కనుగొన్నది ఆరు అంగుళాల పైచిలుకు అద్దంతో. ఆయన చెల్లెలు కరొలిన్ 1786లో తన మొదటి తోకచుక్కను నాలుగు అంగుళాల చిల్లర అద్దంతో పట్టుకుంది. ఆమె పేరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఉత్సాహం వస్తుంది.

పొద్దున వెళుతున్నప్పుడు వాడికి ఒక పని చెప్పాను. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను నింపి, రాత్రి పదకొండు దాటాక, మీ ఇంటి నుంచి డాబా మీదికి ఎక్కించి, గంట తర్వాత మళ్లీ కిందికి దించు. వరుసగా మూడు రాత్రులు. ఎనిమిది అంగుళాలది ఇంచుమించు ఆ బరువే ఉంటుంది, పైగా దానికి చేతిపిడి ఉండదు.

మూడో రోజు ఫోను చేశాడు. "మొదటి రాత్రి ఎక్కించాను. రెండో రాత్రి మలుపు దగ్గర దించి కాసేపు కూర్చున్నాను. నిన్న ఆకాశం బాగుంది, కానీ వెళ్లలేదు పిన్నీ." ఆ వారమే ఆరు అంగుళాలది, ఎఫ్/8ది (ఫోకల్ లెంగ్త్ అద్దం వ్యాసానికి ఎనిమిది రెట్లు ఉండేది) తెప్పించుకున్నాడు.

తొలి రాత్రి ఎం13 దగ్గరకే వెళ్లాడు. "నీ 150 అట్టలో చూసినదానికంటే చుక్కలు సన్నగా, సూదిమొనల్లా ఉన్నాయి" అన్నాడు. వాడిదానిలో మధ్య అద్దం నాదానిలో సగానికి కాస్త పైన, అంతే. ముందే చెప్పాను కదా అన్నాను. వచ్చే అమావాస్యకు దాన్ని ఒళ్లో పెట్టుకుని వస్తానంటున్నాడు. రెండూ పక్కపక్కనే పెట్టి, ఎప్సిలాన్ జంటల జంటతో మొదలుపెడతాం.