బాంబు సంగతి మనకొక్కరికే తెలుసు

రాత్రి భవానీ నగర్ రూములో 1958 నాటి ‘టచ్ ఆఫ్ ఈవిల్’ అనే హాలీవుడ్ సినిమా పెట్టాం. నలుపు తెలుపు అనగానే మా రూమ్మేట్ మొహం ముడిచాడు. మొదటి షాట్‌కే బొరుగులు తినడం ఆపేశాడు!

ఎవడో టైమర్ తిప్పి, బాంబును కారు డిక్కీలో పెట్టి పరిగెత్తుతాడు. ఏమీ తెలియని జంట వచ్చి ఆ కారెక్కుతుంది. ఇక మూడు నిమిషాలకు పైగా ఒక్క కట్ కూడా లేదు, అంటే షాట్ మారకుండా ఏకబిగిన సాగుతుంది. కిటుకంతా అక్కడే. కట్ పడితే కొంత టైము దాటేసినట్టే, మనకు కాస్త ఊపిరాడుతుంది. ఇక్కడ తెరమీద గడిచే ప్రతి సెకనూ టైమర్‌లో కరిగే సెకనే. క్రేన్ మీద కెమెరా మేడలపైకి లేచినప్పుడు కారు కాసేపు కనబడదు. అదింకా భయం. పైగా కొత్తగా పెళ్లయిన హీరో హీరోయిన్లు ఆ కారు పక్కనే తీరిగ్గా నడుస్తుంటారు.

‘దిగిపోండి సామీ!’ అని మావాడు లాప్‌టాప్ మీద అరిచేశాడు. మొదటి కట్ పడేది పేలుడుతోనే.

మేం చూసింది 1998లో తిరిగి ఎడిట్ చేసిన వెర్షన్. అందులో ఈ షాట్‌కు టైటిల్సూ, నేపథ్య సంగీతమూ తీసేశారు. వీధి శబ్దాలు, రేడియో పాటలే. నా ఓటు దీనికే. మనవాళ్లయితే ఈపాటికి చెవులు చిల్లులు పడేలా బీజీఎం కొట్టేసుండేవాళ్లు.