రీజినల్ హ్యూమన్ రైట్స్ టాపిక్: శేషాచలాన్ని పక్కన పెట్టుకుని చదవండి

యూజీసీ నెట్ పరీక్షలో హ్యూమన్ రైట్స్ అండ్ డ్యూటీస్ పేపర్ రాసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇది. తిరుపతిలోనే ఉండి ప్రిపేర్ అయ్యాను. ప్రాంతీయ మానవ హక్కుల వ్యవస్థలు, అంటే ఒక్కో ఖండంలోని దేశాలు కలిసి పెట్టుకున్న మానవ హక్కుల కోర్టులు, కమిషన్లు అనగానే మా బ్యాచ్‌లో చాలామందికి టెన్షన్. స్ట్రాస్‌బర్గ్, సాన్ హోసే, అరూషా... ఏ కోర్టు ఎక్కడుందో బట్టీ పట్టినా రెండ్రోజుల్లో కలగాపులగం అయిపోతుంది. అన్యాయం జరిగిన మనిషి ఆ కోర్టు గడప తొక్కగలడా, గెలిస్తే తీర్పు అమలు చేయించేదెవరు? ఈ రెండూ పట్టుకుంటే మిగతావి వాటంతటవే గుర్తుంటాయి.

2015 ఏప్రిల్ 7న మన శేషాచలం అడవిలో, ఎర్రచందనం నరకడానికి వచ్చారంటూ పోలీసులు జరిపిన కాల్పుల్లో తమిళనాడు కూలీలు 20 మంది చనిపోయారు. డిస్కషన్‌లో ఒక చెల్లెలు అడిగింది: "అక్కా, ఇదే యూరప్‌లో జరిగుంటే ఆ కుటుంబాలు ఎక్కడికి పోయేవి?"

చాలా మంచి ప్రశ్న. అక్కడైతే దేశంలోని కోర్టులన్నీ అయ్యాక, తుది తీర్పు వచ్చిన 4 నెలల్లోపు నేరుగా స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లొచ్చు. మెక్‌కాన్ కేసు తప్పక చదవండి. 1988లో జిబ్రాల్టర్‌లో బ్రిటిష్ సైనికులు ముగ్గురు ఐఆర్ఏ (ఐరిష్ సాయుధ సంస్థ) సభ్యుల్ని కాల్చి చంపారు. జీవించే హక్కుకు భంగం కలిగిందని 1995లో కోర్టు 10-9 మెజారిటీతో తేల్చింది. తప్పుపట్టింది కాల్చిన సైనికుల్ని కాదు, ఆపరేషన్ ప్లాన్ చేసి నడిపించిన తీరుని. చనిపోయినవాళ్లు ఎవరైనా సరే, ప్రభుత్వం లెక్క చెప్పాల్సిందే అన్నమాట! అప్పట్లో ముందు యూరోపియన్ కమిషన్ ద్వారా వెళ్లాల్సి వచ్చేది, 1998లో యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందానికి 11వ ప్రోటోకాల్ (సవరణ) అమల్లోకి వచ్చాక ఆ మెట్టు పోయింది. తీర్పు అమలును కౌన్సిల్ ఆఫ్ యూరప్ మంత్రుల కమిటీ చూస్తుంది.

అమెరికా ఖండాల్లో ఆ మెట్టు ఇంకా ఉంది. ముందు వాషింగ్టన్‌లోని ఇంటర్-అమెరికన్ కమిషన్, అక్కడి నుంచే సాన్ హోసేలోని ఇంటర్-అమెరికన్ కోర్టు. తన తీర్పుల అమలును ఆ కోర్టే వెంటపడి చూసుకుంటుంది.

ఆఫ్రికాలో, ఆఫ్రికన్ మానవ హక్కుల కోర్టును ఏర్పాటు చేసిన ప్రోటోకాల్‌లోని 34(6) ఆర్టికల్ మీద దృష్టి పెట్టండి. దేశం విడిగా డిక్లరేషన్ ఇస్తేనే మామూలు మనిషి నేరుగా అరూషా కోర్టుకి వెళ్లగలడు. కోర్టుకు చోటిచ్చిన టాంజానియాయే 2019లో ఆ డిక్లరేషన్ వెనక్కి తీసుకుంది, చదివినప్పుడు మనసు చివుక్కుమంది. కెన్యా మావూ అడవిలోని ఒగియెక్‌లు మాత్రం ఆఫ్రికన్ కమిషన్ ద్వారా కోర్టుకెక్కి 2017లో గెలిచారు. తరతరాలుగా తేనె తీసి బతికిన జనం వాళ్లు. మన యానాదులే గుర్తొచ్చారు నాకు.

ఆసియాలో? అలాంటి కోర్టే లేదు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ 2009లో ఒక కమిషన్ పెట్టుకుంది గానీ అది తీర్పులిచ్చేది కాదు, పైగా మనం అందులో సభ్యులం కాము. శేషాచలం ఘటనను జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తానే విచారణకు తీసుకుంది. కానీ 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం 18వ సెక్షన్ దానికిచ్చింది సిఫారసు చేసే అధికారమే. పరిహారమైనా, కేసు పెట్టడమైనా ప్రభుత్వానికి చెప్పగలదు, లేదంటే హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళ్లగలదు. మెక్‌కాన్ నోట్సు పక్కనే ఈ సెక్షన్ కూడా రాసుకోండి.